చెప్పి కోసిన ఆకు

ఆదివారం పొద్దున్న తొమ్మిదయ్యేసరికి మొదటి కారు వస్తుంది. విశాఖపట్నం నుంచే వస్తుంది. తలుపులు తెరుచుకోగానే పిల్లలు దూకుతారు, చల్లగాలితో పాటు సెంటు వాసన బయటికొస్తుంది. పెద్దవాళ్ళలో ఒకరు నల్లకళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, తోట నడిమధ్యన నిలబడి నన్నే అడుగుతారు: "ఆంటీ, ఆ పాతకాలం మందుల తోట ఎక్కడండీ?"

ఇదేనమ్మా అంటాను. నమ్మరు. వాళ్ళని అనడానికేముంది, నేనూ నమ్మను.

మా తమ్ముడి కొడుకు తెలివైనవాడు. ఉద్యోగం మానేసి వచ్చి ఈ తోటని నిలబెట్టాడని చోడవరంలో అందరూ చెప్పుకుంటారు. గేటుకి వెదురు కమాను కట్టించాడు. రెండు కాటేజీలు వేయించాడు. ఫొటోలు దిగడానికి ఎడ్లబండి పెట్టాడు, ఎడ్లు లేవు. నిమ్మగడ్డి టీ, వామాకు బజ్జీలు, మధ్యాహ్నం "పథ్యం భోజనం". పథ్యమంటే ఉప్పు కూడా తగలని తిండిరా అని నేనన్నాను. "ఉప్పు లేకుండా ఎవరు తింటారత్తా?" అని గుత్తివంకాయనీ ఆవకాయనీ నేతిగిన్నెనీ పథ్యంలో కలిపేశాడు. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయి, ఒంటరిగా విశాఖపట్నంలో కూర్చున్న నన్ను కూడా ఇలాగే కలిపేశాడు. "నువ్వొచ్చి ఉంటే చాలత్తా. ఇక్కడ మిగిలిన ఒరిజినల్ నువ్వొక్కదానివే" అన్నాడు. గేటు దగ్గర బోర్డు మీద ఉయ్యాలకీ బజ్జీలకీ మధ్యన నా వంతు ఉంది. "మొక్కతో మాట్లాడండి" అని రాసి ఉంటుంది, అదే నేను.

నేను చేయాల్సిందల్లా ఇటుకలు పేర్చిన ఒక మడి దగ్గర వంగి, మా మామ్మ మొక్కకి చెప్పి ఆకు కోసినట్టు కోసి చూపించడం. తరువాత వాళ్ళు ఒక్కొక్కరూ వంగి మొక్కకి ఏదో చెప్పి ఒక ఆకు తెంపుకుంటారు. ఒకాయన ప్రమోషన్ అడిగాడు. ఒక అమ్మాయి వీసా అడిగింది. సాయంత్రానికి మడి బోడిగుండవుతుంది. నెలకోసారి కడియం నర్సరీల నుంచి లారీలో మొక్కలు దిగుతాయి.

పోయిన ఆదివారం ఆ మడి దగ్గర జరిగింది చెప్పాలంటే ముందు మా మామ్మ గురించి చెప్పాలి.

మామ్మ, అంటే మా నాన్న తల్లి, పచ్చకామెర్లకి పసరు పోసేది. వానలు వెనకబట్టి, ఊరి వాగు, మేం గెడ్డంటాం, దాని నీళ్ళు ఎర్రమట్టి రంగుకి తిరిగేసరికి ఊళ్ళ మీద కామెర్లు పడేవి. ఆ రోజుల్లో గురువారం, ఆదివారం తెల్లవారేసరికి మా వాకిలి సంతలా ఉండేది. మాడుగుల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. చీడికాడ వైపు నుంచి నడిచే వచ్చేవాళ్ళు. పరగడుపున రావాలి గనక చీకటితోనే బయల్దేరి, దారిలో ఎవరింట్లోనో పొయ్యి మీద ఉడుకుతున్న చోడి అంబలి వాసన పీల్చుకుంటూ, తినకుండా వచ్చేవాళ్ళు. తడిసిన గోనెసంచుల వాసన, ఆముదం వాసన, చుట్టల వాసన, వీటన్నిటి మీదా నూరిన ఆకు వాసన. ఆ వాసనని చేదు అనొచ్చో లేదో గానీ, అది ముక్కుకి కాక ముందు నాలిక్కి తగిలేది.

మామ్మ తానం చేసి తడిబట్టతోనే వచ్చేది. ఒక్కొక్కరి ముందూ గొంతుక్కూర్చుని, కింది రెప్ప లాగి చూసి, ఏ ఊరు బాబూ, ఏటి పని సేస్తావు, ఇంటికాడ ఎవులెవులున్నారు అని అడిగేది. విన్నది బుర్రలో పెట్టుకుని పసరుమడి దగ్గరికి నడిచేది. అందులో నేలఉసిరీ, మరో రెండు ఆకులూ ఉండేవి. ఆ మడి ముందు వంగి, పక్కింటావిడకి చెప్పినట్టు చెప్పేది.

"అమ్మా, సీడికాడ నుంచొచ్చేడు. కుండలు సేసుకుని బతుకుతన్నాడు. ముగ్గురు పిల్లల తండ్రి. కళ్ళు పచ్చబడ్డాయి. ఒకాకియ్యి."

అతని మటుకే కోసేది. వచ్చి అతని మటుకే నూరేది. మేకపాలల్లో కలిపి తాగించి, మళ్ళీ రెండోవాళ్ళ దగ్గర కూర్చునేది. వాకిట్లో ఎంతమంది ఉంటే అన్నిసార్లు తిరిగేది. మా నాన్నకి ఇది చూస్తే చిరాకు. "ఒక్కపాలే కోసేస్తే అయిపోద్ది కదమ్మా" అన్నాడొకసారి.

"ఊళ్ళో గుంటలందరికీ ఒక్కపాలే తాళి కట్టించేస్తామేట్రా?" అంది మామ్మ.

పుచ్చుకునేది మాత్రం ఏమీ లేదు. తగ్గినవాళ్ళు ఒక మొక్క తెచ్చి నాటి పోవాలి, అంతే. ఆ మొక్క మందుకి పనికొచ్చేదై ఉండాలి. మా ముత్తవ్వల నాటి నుంచీ అలా నాటగా నాటగా అయిన తోట ఇది. అందుకే మాకు చెట్లన్నీ మనుషుల పేర్లతోనే తెలుసు. బుచ్చెయ్యపేట ఆయన ఉసిరి. మాడుగుల కిళ్ళీకొట్టాయన పిప్పలితీగ. కవలపిల్లల తల్లి నాటిన వావిలి. ఎవరో ఎరుకలావిడ వస కొమ్ములు పాతితే అవి కాలువ పొడుగునా పాకిపోయాయి. తాత పని వీటికి గెడ్డ నుంచి నీళ్ళు మళ్ళించడం, మా మీద కేకలెయ్యడం. "ఇది తోటనుకున్నారేటి? బతికి బట్టకట్టినోళ్ళ సంత ఇది. కొమ్మ ఇరిసేరంటే కాళ్ళిరగ్గొడతాను" అనేవాడు.

మేం కొమ్మలు విరవలేదు గానీ తోటంతా దాగుడుమూతలే. సాయంత్రం ఇంటికెళ్ళగానే అమ్మ నా గౌను ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. "అడ్డసరంలో దూరేవు. ఆనక కచ్చూరాల మడి తొక్కేవు. అవునా కాదేటే?" అనేది. ఆ తోటలో దొంగతనం దాగేది కాదు, ఒక్కో మూలకి ఒక్కో వాసన ఉండేది. ఇప్పుడు ఆ చివర నుంచి ఈ చివరికి కళ్ళు మూసుకుని నడిస్తే బజ్జీల నూనె వాసన ఒక్కటే తెలుస్తుంది.

మా చిన్నాన్న గురించి ఎలా మొదలుపెట్టాలో నాకు ఎప్పుడూ తెలియదు. వచ్చినవాళ్ళు అడిగితే వారం వారం చెబుతున్నాను, అయినా తెలియదు.

మా నాన్నకి ఆఖరి తమ్ముడు. మీసం అప్పుడే వస్తోంది, దాన్ని నూనె రాసి పెంచుతున్నాడు. చదువు అబ్బలేదు. పసరు రోజుల్లో వచ్చినవాళ్ళకి నీళ్ళు మొయ్యడం, మేకల్ని పితకడం అతని పని. నన్ను సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకుని మాడుగుల తీసుకెళ్ళి హల్వా కొనిపెట్టేవాడు. ఆకులో పెట్టి ఇచ్చిన వేడి హల్వాలో నా వాటా సగం దారిలోనే అయిపోయేది. మిగతా దారంతా అతని వాటా వైపు చూసేదాన్ని. "ఒసే గుంటా, కళ్ళతో తినకే, నాకు కడుపునొప్పొస్తాది" అని అదీ నా నోట్లోనే పెట్టేవాడు.

ఎవరినైనా సరే అచ్చుగుద్దినట్టు అనుకరించేవాడు. పసరు తాగి మొహం పెట్టే మునసబుని, మొగుడు తాగుతుంటే తానూ గుటకలు మింగే ఆడమనిషిని, తాతని, అందరినీ. ఒక వేసంగి మధ్యాహ్నం పెద్దవాళ్ళంతా పడుకున్నాక మమ్మల్నందరినీ పోగేసి తోటలో టూరు పెట్టాడు. టిక్కెట్టు గుప్పెడు చింతపిక్కలు. తువ్వాలు తలకి చుట్టుకుని చేత్తో కర్ర పట్టుకుని, "రండి బాబూ రండి, ఇది వస, దీన్ని నాకితే మూగోడికి మాటలొస్తాయి, ఇదిగో ఈ గుంట రోజూ నాకుతాది గావాల" అని నన్ను చూపించాడు. పసరుమడి దగ్గరికి వచ్చాక మామ్మలాగ వంగి, మామ్మ గొంతుతోనే, "అమ్మా, సోడవరం నుంచొచ్చేను. పెళ్ళీడొచ్చేసినాది, మా నాన్నకి కానరాట్నేదు. ఒక పెళ్ళాన్నియ్యి" అన్నాడు. మేం నవ్వు పట్టలేక దొర్లుతుంటే తాత లేచి కర్ర పుచ్చుకుని వెంటపడ్డాడు. చిన్నాన్న పరిగెడుతూనే అరిచాడు: "టిక్కెట్టు పెట్టు నాన్నా! ఈ తోటకి టిక్కెట్టు పెడితే కోటీశ్వరులమైపోతాం!"

మా మేనల్లుడికి ఈ మాట చెబితే "చూశావా అత్తా, చిన్నతాతది విజన్" అన్నాడు. వాడి మాటలో వెటకారం లేదు. నిజంగానే మెచ్చుకున్నాడు. అందుకే కోపం కూడా చేసుకోలేకపోయాను.

ఇక మా ఇంటి నియమం చెప్పాలి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని లోకంలో అందరూ ఎవర్నో దెప్పడానికి అంటారు. మా ఇంట్లో దాన్ని అక్షరాలా పాటించేవాళ్ళు. మన చేత్తో మనవాళ్ళకి మందివ్వకూడదు, ఇస్తే ఆ చెయ్యి ఇక ఎవరికీ పనిచెయ్యదు. మాకు దగ్గొస్తే ఎదురింటావిడ వచ్చి కషాయం కాచిపోయాలి. పసరుకైతే అదీ కుదరదు. పసరు పొయ్యాలంటే ఒకరి నుంచి ఒకరు అందుకున్న చెయ్యి కావాలి. చుట్టుపక్కల ఆ చెయ్యి మా మామ్మకుంది, మాడుగుల అవతల కొండ కింద ఒక ముసలాయనకుంది. మా ఇంట్లో ఎవరికైనా వస్తే ఆయన రావాలి, వాళ్ళింట్లో వస్తే మామ్మ వెళ్ళాలి. అది ఎప్పటి నుంచో ఉన్న ఒప్పందం.

చిన్నాన్న టూరు పెట్టిన యేడు వానలు విపరీతంగా పడ్డాయి. వాకిలి రోజూ నిండిపోయేది. ఒక ఆదివారం చిన్నాన్న బిందె దించి, ఎవరికో నీళ్ళు వంచుతున్నాడు. మామ్మ ఆ మనిషి కళ్ళు చూడ్డానికి వంగింది. వంగినదల్లా తలెత్తి కొడుకు కళ్ళు చూసింది. ఆ మనిషి ఊరడిగింది, పని అడిగింది, వెళ్ళి మొక్కకి చెప్పి వచ్చింది. వాకిట్లో ఉన్న అందరికీ పోసేదాకా లేచి తిరుగుతూనే ఉంది. ఆఖరి బండి కదిలాక రోలు పక్కనే చతికిలబడి, "ఒరే, ఇలాగ రా" అని పిలిచింది.

"నిన్నట్నుంచి అలాగే ఉందమ్మా" అన్నాడు చిన్నాన్న. "అద్దంలో సూస్తే పసుపు రాసిన పెళ్ళికొడుకులాగ్గున్నాను. మొక్క నా మాట ఇన్నట్టుంది."

ఎవరూ నవ్వలేదు. నేను నవ్వాను, చిన్నదాన్ని గనక.

తాత వెంటనే మాడుగుల వెళ్ళాడు. ముసలాయన వేళ్ళు తవ్వుకోడానికి ఏజెన్సీ కొండలెక్కాడట. ఎప్పుడు దిగుతాడో ఇంట్లోవాళ్ళకే తెలియదు. కబురు పెట్టి వచ్చి తాత అరుగు మీద కూర్చున్నాడు. చిన్నాన్నకి మజ్జిగన్నం తప్ప ఏదీ పెట్టలేదు. చెరుకు ఇంకా ముదరకపోయినా నాన్న గడ కొట్టించి రసం తీయించాడు. రెండు గుక్కలు తాగి కక్కేశాడు. పసుపు కళ్ళలోంచి మెడకి దిగింది, మెడలోంచి అరచేతులకి దిగింది. అన్నం వాసనొస్తే చాలు మొహం తిప్పుకునేవాడు. హల్వా తెస్తానన్నాను. "నీ వాటా నువ్వు తినేసి, నా వాటా కూడా తినేసి రాయే" అన్నాడు.

పెద్దాసుపత్రికి తీసుకెళదాం అన్నాడు నాన్న.

అరుగు మీంచి తాత లేచాడు. "పచ్చకామెర్లకి మనింటి గుంటడు ఆస్పత్రికెల్తాడా? సుట్టూ ఊళ్ళోళ్ళేటనుకుంటారు? రేపట్నుంచి మన వాకిట్లోకి ఎవుడొస్తాడు?"

"ఎవుడూ రాకపోతే పోనీ."

"పోనీయంటావేట్రా? మీ తాత ముత్తాతల కాడ్నుంచి ఎంతమంది బతికేరు ఈ తోటలో! ఒక్కపాలికి పోనీయంటావా?"

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మామగారి ముందు ఎన్నడూ నోరెత్తని మనిషి. "తోట నిండా మందుంది కదా మామా" అంది. "ఎవులో ముక్కూ మొగం తెలీనోళ్ళకి పోస్తన్నారు. మనోడు ఇక్కడ మంచంలో..." అని ఆపేసింది. తాత అమ్మ వైపు చూడలేదు. ఆయన కూడా తోట నిండా మందుందనే అనుకుంటున్నాడని, అందుకే ఆసుపత్రి వద్దన్నాడని నాకు ఈ వయసులో అర్థమవుతోంది. కొడుకు మీద ప్రేమ లేక కాదు. ఆ తోట మీద నమ్మకం అలాంటిది.

ఆ సాయంత్రం మామ్మ మంచం పక్కన కూర్చుంటే చిన్నాన్న ఆవిడ కొంగు పట్టుకున్నాడు. నేను అతని కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాను. గొంతు బాగా పీలగా అయిపోయింది గానీ మాట మాత్రం అతనిదే.

"అమ్మా, ఒక పని సెయ్యి. నేను సీడికాడ నుంచొచ్చేనని సెప్పు."

"ఏటిరా?"

"ఎవులో పరాయి గుంటడొచ్చేడు, మావోడు కాడు అని సెప్పు. దానికేటి తెలుస్తాది? అది సీడికాడ ఎల్లిందా, మాడుగులెల్లిందా?"

మామ్మ అతని నుదురు తుడిచింది. చాలాసేపు తుడుస్తూనే ఉంది.

"మొక్కకి అబద్ధం సెప్తామేట్రా, నాయినా" అంది.

మర్నాడు మధ్యాహ్నం నేను తోటలోకి వెళ్ళాను. నేనైతే చిన్నపిల్లని, నేను చెబితే మొక్క ఏమీ అనుకోదని నా ఆలోచన. పసరుమడి దగ్గర మామ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ఎండలో, తల మీద కొంగు కూడా లేకుండా. మొక్కల వైపు చూడటం లేదు, కాలువ వైపు చూస్తోంది. నేనెందుకొచ్చానో నన్ను చూడగానే తెలిసిపోయింది ఆవిడకి. నా చెయ్యి పట్టుకుని, తన చెయ్యి పక్కన పెట్టి, రెండిటినీ చూసింది. "నీ సెయ్యీ మన సెయ్యేనే" అంది. నన్ను ఒళ్ళోకి లాక్కుంది. ఆవిడ ఒంట్లోంచి ఆకు పసరు వాసన వస్తోంది. లోకంలో అందరికీ మందైన వాసన అది, మాకు తప్ప.

ముసలాయన కొండ దిగి ఇంటికి కూడా పోకుండా ఇటే వచ్చాడు. మంచం దగ్గర నిలబడి రెప్ప లాగి చూసి, మడి దగ్గరికి వెళ్ళి చెప్పి, ఆకు కోసి నూరి పోశాడు. చిన్నాన్నకి మింగుడు పడలేదు. ముసలాయన బయటికి వచ్చి మామ్మతో, "ఆలీసెమైపోనాదప్పా, బండి కట్టించు" అన్నాడు. అప్పుడు కట్టారు బండి. చోడవరంలో కారు మాట్లాడి విశాఖపట్నం తీసుకెళ్ళారు. ముందే తేవాల్సిందని అక్కడ డాక్టరు నాన్నని కసిరాడట. ఆ కారులోనే చిన్నాన్నని వెనక్కి తెచ్చారు.

ఆ తరువాత వచ్చిన ఆదివారం వాకిట్లో జనం ఉన్నారు. వాళ్ళకి మా ఇంట్లో జరిగింది తెలియదు. తెలిసినవాళ్ళు కూడా వచ్చారు, ఏం చేస్తారు, వాళ్ళ కళ్ళూ పచ్చబడ్డాయి. తాత వాళ్ళని పంపేద్దామని లేచాడు. ఈలోగా మామ్మ తానం చేసి తడిబట్టతో వచ్చేసింది. ఏ ఊరు బాబూ అని అడిగింది. మడి దగ్గరికెళ్ళి వంగింది. "అమ్మా, దేవరాపల్లి నుంచొచ్చేడు. కొత్తగా పెళ్ళైనాది..." ఆవిడ గొంతు మారలేదు. ఆ రోజు ఆవిడ కేకలు పెట్టి ఏడ్చి ఉంటే, ఆ మడిని వేళ్ళతో పెళ్ళగించేసి ఉంటే, నేను జీవితమంతా ఇంత అల్లాడేదాన్ని కాదు.

మామ్మ పోయేదాకా పోస్తూనే ఉంది. చెయ్యి మాత్రం ఎవరికీ అందలేదు. పెద్దకోడలు గనక అమ్మని పిలిచి అందుకోమంది. "ఆ సెయ్యి నాకొద్దత్తా" అంది అమ్మ. తరువాత ఎన్ని కూరలు వండినా, ఎన్ని పూజలు చేసినా, ఆవిడ ఆ మడి వైపు అడుగు పెట్టగా నేను చూడలేదు.

రెండేళ్ళ క్రితం ఒక డాక్టరుగారు కుటుంబంతో వచ్చారు. కథంతా విని, మర్యాదగా, నొప్పి తగలకుండా చెప్పారు. కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయట. విశ్రాంతి, పథ్యం చాలట. కొందరికి మాత్రం లోపల కాలేయం పాడైపోతుందట, వాళ్ళని ఏ ఆకూ ఆపలేదట. "మీ చిన్నాన్నగారిది ఆ రకమై ఉంటుందండీ. మీ మామ్మగారు ఇచ్చినా ఏమీ అయ్యేది కాదు. బాధపడకండి" అన్నారు.

బాధపడకండట! ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగా లేదు. ఆ పసరుకి మహిమ ఉంటే, చేతికందే దూరంలో మందు పెట్టుకుని మేం మా పిల్లాణ్ణి చంపుకున్నాం. మహిమ లేకపోతే, ఉత్త ఆకురసాన్ని నమ్మి, దాని పరువు పోతుందని ఆసుపత్రి తలుపు మూసి చంపుకున్నాం. అటు చూసినా ఇటు చూసినా చిన్నాన్న బతకడు. అటు చూస్తే మామ్మ మిగలదు, ఇటు చూస్తే తోట మిగలదు. ఏదో ఒకటి నమ్మితే మనసు కుదుటపడుతుందని ఈ డెబ్బయ్యేళ్ళకి దగ్గరపడ్డ వయసులో కూడా ప్రయత్నిస్తున్నాను. కుదరడం లేదు.

ఇక తోట అంటారా, అది ముందే పోయింది. గెడ్డ ఎండిపోయింది. కాలువ పూడిపోయాక వస పోయింది, వెనకాలే పిప్పలితీగ పోయింది. కొన్నాళ్ళు అంతా చెరుకు వేశారు. బుచ్చెయ్యపేట ఆయన ఉసిరి చాలా ఏళ్ళు నిలబడింది గానీ, కార్లు తిప్పుకోడానికి అడ్డమని కొట్టించారు. నేలఉసిరి మాత్రం ఎవరూ వెయ్యకుండానే వానాకాలం వస్తే ఇటుకల సందుల్లో మొలుస్తుంది. పనివాళ్ళు కలుపని పీకేస్తారు. నేను చెప్పి చూశాను. "ఫొటోలో నీట్‌గా కనపడదత్తా" అన్నాడు మేనల్లుడు. పసరుమడిలో ఇప్పుడున్నది పుదీనా. తొందరగా చిగురుస్తుందని, జనం తెంపినా తట్టుకుంటుందని.

పోయిన ఆదివారం కార్లతో పాటు ఒక ఆటో వచ్చింది. అందులోంచి దిగినావిడ కమాను వైపు చూడలేదు, ఉయ్యాల వైపు చూడలేదు. చంకలో ఆడపిల్ల, అయిదేళ్ళుండొచ్చు, తల్లి భుజం మీద తల వాల్చేసి ఉంది. గేటు దగ్గర కుర్రాడు టిక్కెట్టంటే ఆవిడకి అర్థం కాలేదు. నన్ను చూసి, నా తెల్లజుట్టు చూసి, నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, పసరు పోసేది తమరేనా? మాది సీడికాడ అవతల. మా అత్త సెప్పినాది. తన సిన్నప్పుడు ఈ తోటలో తాగి బతికినాదంట."

పిల్ల రెప్ప లాగి చూశాను. చూడక్కర్లేదు, చేతులే పచ్చగా ఉన్నాయి.

"ఇక్కడిప్పుడు మందివ్వరమ్మా" అన్నాను. "ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఇప్పుడే, ఇలాగే తీసుకెళ్ళు."

ఆవిడ చుట్టూ చూసింది. బోర్డుల మీద మొక్కల పేర్లు, గుణాలు, బొమ్మలతో సహా ఉన్నాయి. "తోట నిండా మందుంది కదమ్మా" అంది. "ఒకాకియ్యడానికేటి?"

నాకు గుమ్మంలో నిలబడ్డ మా అమ్మ కనిపించింది. మేనల్లుణ్ణి కేకేసి, వాడి కారులో తల్లినీ పిల్లనీ ఎక్కించి పంపించేశాను. వాడు మంచివాడు, ఆదివారం గిరాకీ వదిలేసి మారు మాట్లాడకుండా తీసుకెళ్ళాడు. చెయ్యాల్సిందే చేశాను, ఆ మాత్రం తెలుసు నాకు. కారు కమాను దాటేటప్పుడు ఆవిడ వెనక్కి తిరిగి చూసిన చూపులో మాత్రం కృతజ్ఞత లేదు. పొమ్మన్నానని ఉంది.

"ఆంటీ, నెక్స్ట్ మా బ్యాచేనండీ" అంది పక్కనుంచి ఒక అమ్మాయి. చేతిలో ఫోను సిద్ధంగా ఉంది. ఆమె వెనకాల పదిమంది నవ్వుతూ నిలబడి ఉన్నారు.

వెళ్ళాను. మడి ముందు వంగాను. వారం వారం చెప్పేదే చెప్పాను. చీడికాడ నుంచి వచ్చేడు, కుండలు చేసుకుని బతుకుతాడు, ముగ్గురు పిల్లల తండ్రి. ఒక పుదీనా ఆకు కోశాను.

"సారీ ఆంటీ, గాలికి వాయిస్ సరిగ్గా రాలేదు. ఇంకొక్కసారి చెప్తారా, ప్లీజ్?"

మళ్ళీ వంగాను. మోకాళ్ళు పట్టేశాయి, ఒక చెయ్యి మట్టిలో ఆనించాను. నోరు తెరిచాను. కుండలాయన నోటికి రాలేదు.

"అమ్మా," అన్నాను, "సీడికాడ నుంచొచ్చేడు. ఇప్పుడిప్పుడే మీసమొస్తన్నాది. పెళ్ళి కానేదు. ఎవులో పరాయి గుంటడు తల్లీ, మావోడు కాడు. కళ్ళు పచ్చబడ్డాయి. ఒకాకియ్యి."

చిన్నాన్న పేరు కూడా చెప్పాను. ఆ పేరు ఆ మడి దగ్గర మా ఇంటివాళ్ళెవరూ ఎప్పుడూ చెప్పలేదు.

కొయ్యడానికి చెయ్యి చాచాను గానీ వేళ్ళు ముడుచుకోలేదు. "ఈసారి సూపర్‌గా వచ్చిందాంటీ, నిజంగా ఏడ్చినట్టే ఉంది" అంది ఆ అమ్మాయి. వాళ్ళు ఒక్కొక్కరే వంగి, చెప్పుకుని, తెంపుకోడం మొదలుపెట్టారు. సాయంత్రానికి మడిలో ఒక్క ఆకు మిగల్లేదు.